పండక్కి రెండు పిలుపులు

మా ముత్తాత పద్దుల పుస్తకం ఒకటి నా దగ్గరుంది. అట్ట ఊడిపోయి, మొదటి పేజీలు చెదలు తినేసిన పొడుగాటి పుస్తకం. కోనసీమలో అమ్మమ్మగారిల్లు అమ్మేసిన ఏడాది అందరూ అటక మీద ఇత్తడి గంగాళాల కోసం వెతుకుతుంటే నా చేతికి ఇది వచ్చింది. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన దగ్గర్నుంచీ పాత కాగితం కనిపిస్తే చాలు సంచీలో వేసుకుంటానని మావాళ్ళు నన్ను ఏడిపిస్తుంటారు. ఆ రోజు మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఇత్తడి పంపకాల్లో ఉన్నారు.

ఖర నామ సంవత్సరం పుష్యమాసం నుంచి హేవిళంబి పుష్యమాసం దాకా, అంటే 1952 జనవరి నుంచి 1958 జనవరి దాకా, ఏడు సంక్రాంతుల ఖర్చు అందులో ఉంది. పండగంటే మా ముత్తాతకి అల్లుళ్ళు. ఏ పుష్యమాసం తీసినా ముందు కనిపించేది వాళ్ళే. కాకినాడ అల్లుడికి జరీ పంచెల చాపు. పిఠాపురం అల్లుడికి రిస్టువాచి, పక్కనే ‘అలక నిమిత్తం’ అని. చి.సౌ. రెండో అమ్మాయికి పట్టుచీర. చి.సౌ. చిన్నమ్మాయికి పట్టుచీర, గాజులు. పడవ కిరాయి రానూ పోనూ. అన్నీ గుండ్రటి అక్షరాల్లో, తీరిగ్గా, ఒక్కో పద్దుకి ఒక్కో వరస. పేజీ అడుగున ఇరికించి రాసిన వరస ఒకటుంది. ఏడేళ్ళూ ఉంది: పాలేళ్ళకు, చాకలికి, అమ్మాయికి బట్టలు.

ఈ ‘అమ్మాయి’ ఆయన పెద్దకూతురు. చెల్లెళ్ళిద్దరూ చి.సౌ.లు, ఆమె ఉత్త అమ్మాయి. ఖర నామ సంవత్సరం నాటికి ఆమెకి ముప్ఫై దాటాయి. మా తాతయ్యకి అక్క, అమ్మకి మేనత్త. వరస ఏదైనా ఇంట్లో అందరికీ ఆమె అత్తయ్యే, నాక్కూడా. 1921లో పుట్టి 2001లో పోయింది. అప్పటికి నాకు పదమూడేళ్ళు.

మీలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి అత్తయ్యో, దొడ్డమ్మో ఉండే ఉంటుంది. ఫొటోల్లో వెనక వరసలో, సగం స్తంభం చాటున. మా ఇంట్లో ఉన్న పెళ్ళి ఫొటోలు అన్నీ వెతికాను. అత్తయ్య ఒక్క దాంట్లోనూ లేదు. పద్దుల పుస్తకంలో ఉంది.

పుస్తకం రెండోసారి చదువుతుంటే ఇంకో పద్దు కనిపించింది. మార్గశిర మాసంలో, పండక్కి ఇంకా మూడు వారాలుందనగా: అమ్మాయి కాకినాడ ప్రయాణం, రేవు, బస్సు. పుష్యం మొదట్లో: పిఠాపురం నుంచి అమ్మాయి రాక. భోగి ముందు చి.సౌ.లూ అల్లుళ్ళూ దిగేసరికి ఆమె ఇంట్లో ఉంది. అంటే ముందు చెల్లెళ్ళ అత్తారిళ్ళకి వెళ్ళి అక్కడి పిండివంటలు చేసిపెట్టి, తిరిగొచ్చి ఇక్కడి పిండివంటలు మొదలుపెట్టేదన్న మాట. అమ్మని అడిగితే, “అవును, అత్తయ్య లేకుండా ఎవరింట్లోనూ పాకం పట్టేవాళ్ళు కాదు” అంది, అదేదో ఆమెకి దక్కిన గౌరవం అన్నట్టు. కొంతవరకూ గౌరవమే కావచ్చు.

సంక్రాంతి గురించి మనం రాసుకున్నదంతా ఆడపిల్ల పుట్టింటికి రావడం గురించి, కొత్తల్లుడి మర్యాదల గురించి. అన్నదమ్ములు బండి కట్టుకుని వెళ్ళి తీసుకురావడం, వీధి గుమ్మంలో తల్లి ఎదురుచూడడం, అన్నీ మనకి కంఠతా వచ్చు. ఆ రోజుల్లోనే ఇంకో ప్రయాణం జరుగుతోంది. తినడానికి పిలిచే పిలుపు ఒకటి, వండడానికి పిలిచే పిలుపు ఒకటి. రెండూ పోస్టుకార్డుల మీదే వచ్చేవి. మొదటి దాంట్లో ‘తప్పక రావలెను’ అని ఉండేది. రెండోది ఆమె పేరున కూడా వచ్చేది కాదు. ఆమె తండ్రికి వచ్చేది: అమ్మాయిని వారం ముందుగా పంపగలరు.

గోదావరి జిల్లాల వాళ్ళం సంక్రాంతిని మేమే కనిపెట్టినట్టు మాట్లాడతాం. హైదరాబాదులో సకినాలు చేసే ఇళ్ళ మధ్య పదేళ్ళు ఉన్నాక నాకా గొప్ప కొంచెం తగ్గింది. ఈ వైభవం వయసు ఎంతో లెక్క వేస్తే నూట డెబ్భై ఏళ్ళ పైచిలుకు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దానికి ముందు ఇది కరువు సీమ. 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చిపెట్టేసింది. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో ఏడు లక్షల పైన ఉంటే, 1841 నాటికి అయిదున్నర లక్షల చిల్లరకి పడిపోయింది. మనుషులకే గంజి లేని చోట అల్లుడికి అరిసెలు ఎక్కణ్ణుంచి వస్తాయి? పండగ అంతకు ముందూ ఉంది, తర్పణాలూ గొబ్బెమ్మలూ ఉన్నాయి. డబ్బాల నిండా పిండివంటలు చేసి ఊరూరికీ పంచుకునే పండగ మాత్రం కాటన్ కాలవల మీద వచ్చిందే.

ఆ కాలవల్లో పడవలు నడిచాయి. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా అక్విడక్టు కట్టి లంకల్లోకి నీళ్ళు తీసుకెళ్ళాక కోనసీమ వాళ్ళకి రాకపోకలు కూడా సులువయ్యాయి. ఎండాకాలంలో కాలవ కట్టేసేవారు. పుష్యమాసంలో నిండా నీళ్ళుండేవి. పండగ ప్రయాణాలకి అంతకన్నా ఏం కావాలి? 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన తెరిచారు. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లి రేవు దాకా రైలు వచ్చింది. ముక్తేశ్వరం రేవులో పడవెక్కి గౌతమి దాటితే కోటిపల్లిలో రైలు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి 1940లో ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్ళీ అక్కడ రైలు కూత వినబడింది 2004లోనే. అత్తయ్య ఆ రైలు ఎక్కింది ఎన్నిసార్లో గానీ, పద్దుల పుస్తకం నాటికి రేవూ బస్సూ మాత్రమే మిగిలాయి.

ఆనకట్ట ధాన్యం తెచ్చింది సరే, ధాన్యాన్ని ఎవరో దంచాలి కదా. ముత్తాత పుస్తకంలో మొదటి మూడు పుష్యమాసాల్లో ‘దంపుళ్ళకు నూకలు, తవుడు’ అని ఉంది. ఎంతమంది, ఎన్ని రోజులు అన్నది లేదు. కూలి డబ్బుల్లో లేదు కాబట్టి లెక్క అక్కర్లేదనుకున్నాడు కాబోలు. నాలుగో ఏడాది నుంచి ఆ పద్దు మాయమై ‘మిల్లు కూలి’ వచ్చింది, రూపాయల్లో. దంచే ఆడవాళ్ళు నూకలతో సహా పుస్తకం నుంచి వెళ్ళిపోయారు. తర్వాత వాళ్ళు ఏం తిన్నారో ఏ పుస్తకంలో వెతకాలో నాకు తెలీదు. ఇంకో మాట కూడా చెప్పాలి. మాది అగ్రహారం ఇల్లు. దంచడానికి పెరట్లోకి రాగలిగింది కొన్ని కులాల ఆడవాళ్ళే. పంట కోసి, కుప్ప నూర్చిన దళితవాడల ఆడవాళ్ళకి కళ్ళం దాటి లోపలికి ప్రవేశం లేదు. అత్తయ్య కథ చెప్పేటప్పుడు వాళ్ళని పక్కన పెట్టి చెబితే, ఆమెని ఫొటోలోంచి తప్పించిన పనే నేనూ చేసినట్టవుతుంది.

పైగా అత్తయ్య కష్టానికి మూలం కూడా కులంలోనే ఉంది. ఆ పెరట్లో దంచే ఆడవాళ్ళలో మొగుడు పోతే మారుమనువు చేసుకునే ఆచారం ఉన్నవాళ్ళున్నారు. రోకలి ఎత్తిన ఆమెకి రెండో పెళ్ళి ఉంది, జల్లెడ పట్టుకుని పక్కన కూచున్న ఇంటి ఆడపడుచుకి లేదు. ఇద్దరూ ఒకే పిండి చుట్టూ కూచున్నారు. ఆ పెరట్లో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకునేవారో వినాలని నాకు చాలా కోరిక.

అత్తయ్య పెళ్ళి యానాంలో జరిగింది. ఎందుకు యానాంలో అని చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. శారదా చట్టం 1929లో వచ్చింది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళి చేస్తే నేరం. ఆ ఆర్నెల్ల వ్యవధిలో దేశమంతా హడావిడిగా చిన్నపిల్లల పెళ్ళిళ్ళు జరిగాయి. గోదావరి వాళ్ళకి ఆ హడావిడి కూడా అక్కర్లేకపోయింది. గౌతమి ఒడ్డునే ఫ్రెంచివాళ్ళ యానాం ఉంది. బ్రిటిష్ చట్టం అక్కడ చెల్లదు. పెళ్ళివాళ్ళు పడవల్లో యానాం వెళ్ళి మూడుముళ్ళూ వేయించుకుని వచ్చేవాళ్ళు. అలా ఆ ఊరికి కల్యాణపురం అని పేరు పడింది. ఇప్పుడా పేరు తలుచుకుని అందంగా ఉందంటారు యానాం మీదుగా వెళ్ళే టూరిస్టులు.

1931 వైశాఖంలో మావాళ్ళూ పడవెక్కారు. అత్తయ్యకి పదేళ్ళు. ఆమె జీవితంలో ఆమె కోసమని చేసిన ప్రయాణం అదొక్కటే. యానాం గురించి ఆమె నాకు చెప్పిన సంగతి కూడా ఒక్కటే: పడవలో తనకి వాంతులయ్యాయని, కొత్త పరికిణీ పాడైందని, వాళ్ళమ్మ తిట్టిందని. ఇది చెప్పి నవ్వేది. మూడేళ్ళకి పెళ్ళికొడుకు విషజ్వరంతో పోయాడు. కాపురానికి వెళ్ళలేదు. అతని మొహం గుర్తుందా అని మా చెల్లి ఓసారి అడిగేసింది. “చెవులు పెద్దవి” అంది అత్తయ్య. అంతే.

గృహలక్ష్మి పత్రిక 1928లో మొదలైంది. అందులో కనుపర్తి వరలక్ష్మమ్మ శారదలేఖలు రాస్తూ శారదా చట్టాన్ని సమర్థించారు. నా పరిశోధన రోజుల్లో ఆ లేఖల మీద పేజీలకి పేజీలు నోట్సు రాసుకున్నాను. స్త్రీల పత్రికలు, సంస్కరణోద్యమం, మధ్యతరగతి గృహిణి నిర్మాణం అంటూ. మా ఇంట్లోనే ఆ చట్టం దాటిపోయిన పడవ ఒకటుందని అప్పుడు నాకు తట్టలేదు. గ్రంథాలయంలో కూచుని చరిత్ర చదువుతున్నదాన్ని ఇంటి పెరడు వైపు చూడలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు వేసిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను నేను ఎంతమంది విద్యార్థులకి చదవమని చెప్పానో. అడిగితేనే గదా చెబుతారు అన్నది ఆ పుస్తకం నేర్పిన పాఠం. అత్తయ్యని నేను అడగలేదు. చిన్నపిల్లని అని సర్దిచెప్పుకోవచ్చు. అమ్మా అడగలేదు, తాతయ్యా అడగలేదు. వాళ్ళు చిన్నపిల్లలు కారు.

ఇక నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన పద్దు. ఇది ఖర్చుల్లో లేదు, జమలో ఉంది: అమ్మాయి మనోవర్తి ధాన్యం, బస్తాలు 6. ప్రతి పుష్యమాసంలోనూ ఉంది.

హిందూ స్త్రీలకి ఆస్తి హక్కు ఇచ్చిన చట్టం 1937లో వచ్చింది. దాని ప్రకారం మొగుడి వాటాలో విధవకి బతికున్నంత కాలం అనుభవించే హక్కు దొరికింది. చట్టం వచ్చాక పోయిన మొగుళ్ళ విషయంలోనే అది వర్తిస్తుంది. అత్తయ్య మొగుడు మూడేళ్ళు ముందే పోయాడు. ఆమెకి మిగిలింది మనోవర్తి. అత్తవారు ఏడాదికి ఆరు బస్తాలు ఇచ్చేలా పెద్దమనుషులు ఒప్పించారట. కోతలయ్యాక పుష్యమాసంలో బండి మీద వచ్చేది. ఆ బస్తాలు మన పుస్తకంలో జమ అయిన నాలుగు వరసల కింద, ఖర్చులో, ఇలా ఉంది: పండగ పిండివంటలకు, అమ్మాయి ధాన్యంలో నుంచి.

మొదటిసారి చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. మళ్ళీ చదివాను. ఏడేళ్ళలో అయిదేళ్ళు అలాగే ఉంది. అల్లుళ్ళు తిన్న అరిసెలు, పిల్లలు జేబుల్లో వేసుకు తిరిగిన జంతికలు, కాకినాడకీ పిఠాపురానికీ సారె డబ్బాల్లో వెళ్ళిన చలిమిడి, అన్నీ ఆమె బియ్యం. ఇంట్లో అందరూ అనుకున్నది, నేనూ అనుకున్నది, పుట్టింటివాళ్ళు అత్తయ్యని చేరదీసి అన్నం పెట్టారని. పండగ పూట అన్నం ఎవరు ఎవరికి పెట్టారో పుస్తకంలో ఉంది. ముత్తాత దుర్మార్గుడని నేననడం లేదు. ఆయన దాచిపెట్టలేదు, నిజాయితీగా లెక్క రాశాడు. ఆరు బస్తాల్లో ఏడాది పొడుగునా ఆమె తిండికి పోగా ఎంత మిగిలేదో కూడా నేను కట్టగలను. కానీ జమ, ఖర్చు రెండూ రాసిన మనిషికి బట్టల పద్దులో ఆమెని పాలేళ్ళ సరసన రాయడం వింతగా తోచలేదు. అందులోనూ సంక్రాంతి పెద్దల పండగ. పోయినవాళ్ళకి తర్పణాలు వదిలి, వాళ్ళ పేరున కొత్తబట్టలు పెట్టుకుంటారు. పోయిన తాతలకి పెట్టిన పంచెలకి విడిగా ఓ వరస ఉంది.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. ఆ ఏడు దుర్ముఖి. దుర్ముఖి పుష్యంలో కూడా బస్తాలు ఆరే, బట్టలు పేజీ అడుగునే.

నాకు గుర్తున్న అత్తయ్య డెబ్భై అయిదేళ్ళది. మేం హైదరాబాదు నుంచి గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో తెల్లారేసరికి దిగి, అక్కణ్ణుంచి బస్సెక్కి ఊరు చేరేసరికి పెరట్లో పొయ్యి వెలిగించి ఉండేది. తల మీది తెల్ల కొంగు జారగా నేనెప్పుడూ చూడలేదు. బియ్యం ముందు రోజు నానబోసి, నీళ్ళు ఓడ్చి, తడి ఆరకుండా పిండి కొట్టించి, తడిగుడ్డ కప్పి ఉంచేది. పిండి కొట్టేది అప్పటికి ఊళ్ళో మిషను. మిషను పిండి వేడెక్కిపోతుందని, పాకం పీల్చుకోదని ఆమె ఫిర్యాదు. ఎవరూ వినేవారు కాదు.

పాకం దగ్గర మాత్రం అందరూ వినాల్సిందే. బెల్లం కరిగి నురగ కట్టి సన్నగా కుతకుతలాడేదాకా ఆమె ఏం మాట్లాడేది కాదు. పళ్ళెంలో చన్నీళ్ళు పోసి ఒక చుక్క వేసేది. వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ముదిరితే పంటికి లొంగదు. ఆ రెండింటి మధ్యా ఉండే వ్యవధి నాలుగైదు క్షణాలు. “దింపు” అనేది. ఎవరో మసిగుడ్డతో దింపేవారు. పిండి పోస్తుంటే ఆమె తెడ్డు ఆపకుండా తిప్పేది, చెమటలు కారుతుంటే భుజంతో తుడుచుకుంటూ. చలిమిడి ఉండ చేసి నువ్వులద్ది అరిటాకు మీద తట్టేది. నూనెలోంచి తీసినదాన్ని రెండు చెక్కల మధ్య నొక్కే పని మా పిల్లలది. మొదటి వాయి దేవుడికి. రెండో వాయిలోంచి విరిగిన ముక్క మాకు పెట్టి, “గట్టిగా ఉందా, మెత్తగా ఉందా” అని అడిగేది. ఆమె తినేది కాదు. ఆ పూట ఒంటిపూట.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మూడు రోజులూ ఆమె సంతోషంగా ఉండేది. పీడనకి గురైన మనిషిగా నేనిప్పుడు రాస్తున్న అత్తయ్య, పొయ్యి ముందు కూచుని కోడళ్ళని కేకలేస్తున్న అత్తయ్య, ఇద్దరూ నాకు ఒక్కలా కనిపించరు. శ్రమదోపిడీ అనే మాటతో ఆమె మొహంలో వెలుగుని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ఆ ఇంట్లో ఆమె మాట చెల్లే చోటు అదొక్కటే, ఆ నాలుగైదు క్షణాలే అని ఇప్పుడనిపిస్తుంది.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి మా జిల్లా రచయితే. ఆయన ‘అరికాళ్ళకింద మంటలు’ కథ మీరంతా చదివే ఉంటారు. పుట్టింట్లోనే వెట్టిచాకిరీ చేస్తున్న బాలవితంతువు ఒక రాత్రి జట్కా ఎక్కి వీరేశలింగంగారి తోటకి వెళ్ళిపోతుంది. క్లాసులో ఆ కథ చెప్పిన ప్రతిసారీ నాకు అత్తయ్య గుర్తొస్తుంది. మా ఊళ్ళో జట్కా లేదు. రేవు దాటాలి, పడవవాడు ఎవరమ్మాయివని అడుగుతాడు. వీరేశలింగం 1919లోనే పోయారు. మొదటి వితంతు వివాహం ఆయన చేయించింది 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో, మన చలికాలంలోనే. ఆ పెళ్ళిళ్ళ రోజుల్లో వంటవాళ్ళూ నీళ్ళు తెచ్చేవాళ్ళూ వెలికి భయపడి మానేస్తే రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరి నీళ్ళు మోసి వండిపెట్టింది. సంస్కరణ చరిత్రలో ఆవిడకి దక్కిన స్థానం ఎక్కువగా ఆ బిందె వల్లే. అక్కడ కూడా ఒక ఆడమనిషి పొయ్యి దగ్గరుంది. కాకపోతే ఏ పెళ్ళికి వండుతున్నానో ఆవిడకి తెలుసు.

భోగి సాయంత్రం మా అమ్మమ్మ బొమ్మల కొలువు పెట్టేది. పేరంటాళ్ళు వచ్చేవారు. పిల్లల్ని పీట మీద కూచోబెట్టి రేగుపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకలు, చిల్లర డబ్బులు కలిపి ముత్తైదువలు తల మీద పోసేవారు. 1994లో కాబోలు, మా తమ్ముడిని కూచోబెట్టారు. అందరూ పోసేశారు. “అత్తయ్య పొయ్యలేదు” అని నేను అరిచాను. గదిలో మాటలు ఆగిపోయాయి. తలుపు వెనక నుంచి అత్తయ్య, “నేను అరిసెలు పెడతానుగా, నాకెందుకే రేగుపళ్ళు” అంది. వచ్చినవాళ్ళు నవ్వారు. అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది.

నాన్న 2021లో కోవిడ్‌తో పోయారు. అమ్మ ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి. ఏడో తరగతి వాళ్ళకి వీరేశలింగం పాఠం చెప్పేటప్పుడు క్లాసులోనే కళ్ళనీళ్ళు పెట్టుకునేదని వాళ్ళ తోటి టీచర్లు చెప్పేవారు. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. ఆ విషయంలో చుట్టాలెవ్వరి మాటా వినలేదు, నేనెంతో గర్వపడ్డాను.

2024 భోగికి హైదరాబాదులో మా ఇంట్లో నా కూతురికి భోగిపళ్ళు పోశాం. అరిసెలు కాకినాడ నుంచి కొరియర్‌లో తెప్పించాను. ఊళ్ళలో ఆడవాళ్ళు కిలోకింత అని కూలికి చేస్తారు, డబ్బాలు అమెరికా దాకా వెళ్తాయి. డబ్బా మీద వ్యాపారి పేరుంది. నొక్కినవాళ్ళ పేర్లు లేవు. అత్తవారి వైపు చుట్టాలు, అపార్ట్‌మెంట్‌లో వాళ్ళు కలిసి పదిహేనుమంది దాకా వచ్చారు. పాపని పీట మీద కూచోబెట్టి చూస్తే అమ్మ లేదు. వంటింట్లో ప్లేట్లు సర్దుతోంది.

“రామ్మా” అన్నాను.

“మీరు కానియ్యండి, ఇక్కడ టీ పొంగుతుంది” అంది.

నేను ఇంకోసారి పిలవలేదు. పిలవాల్సిన మాటలన్నీ నాకు వచ్చు. వాటి మీద డాక్టరేట్ ఉంది నాకు. పదిహేనుమంది ముందు గొడవెందుకు, అమ్మని ఇబ్బంది పెట్టడం ఎందుకు, అత్తగారేమనుకుంటారో, అని ఆ క్షణంలో నాకు తోచిన కారణాలన్నీ చాలా మర్యాదగానే ఉన్నాయి. రేగుపళ్ళు పోశాం. అందరూ ఫొటోలు తీశారు. వాటిల్లో అమ్మ లేదు.

రాత్రి అందరూ వెళ్ళాక అమ్మతో పోట్లాడాను. ఎప్పటినుంచో వస్తున్న ఆచారం, మనమొక్కళ్ళం మారిస్తే మారుతుందా అంది. సంక్రాంతి తేదీయే మారుతోందమ్మా అన్నాను. వివేకానందుడు 1863లో మకర సంక్రాంతి నాడు పుట్టాడు, అది జనవరి 12. ఇప్పుడు 14, కొన్నేళ్ళు 15. సూర్యుడే డెబ్భై ఏళ్ళకోసారి ఒక రోజు ఆలస్యంగా వస్తున్నాడు, నువ్వు తలుపు దాటి రాలేవా? ఇది చెబుతున్నప్పుడే నాకు తెలుసు, ఇది పొద్దున్న పదిహేనుమంది ముందు అనాల్సిన మాట అని.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పిల్లకేమైనా అయితే నా వల్లేనని నాకే అనిపిస్తుందే. ఇంకెవరూ అనక్కర్లేదు” అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. పుస్తకం తెచ్చి ఆ పద్దు చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆరు బస్తాల దగ్గర వేలు పెట్టి చదివింది. తండ్రి కంటే ముందు తాత దస్తూరీ గుర్తుపట్టింది. “అత్తయ్యకి తెలుసంటావా ఇది?” అని అడిగింది. బస్తాలు ఆమె కళ్ళముందే దింపేవారు కదా, తెలియకుండా ఎలా ఉంటుంది అన్నాను. “తెలిసే చేసిందన్న మాట” అని, ఇంకో అయిదు నిమిషాలకి, “అయితే మేం ఆవిడ అన్నం తిన్నాం” అంది.

మర్నాడు కనుమ ముందు రోజు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, కానీ మా ఆయనకి ఆఫీసు ఉంది, ఆడపడుచు వాళ్ళకి రిజర్వేషన్ ఉంది. ఇల్లు మళ్ళీ హడావిడిగానే ఉంది. ఆ సందట్లో అమ్మ పాపని ఎత్తుకుని వంటింటి గట్టు మీద కూచోబెట్టింది. గిన్నెలో మిగిలిన రేగుపళ్ళు కడిగి తుడిచి ఉన్నాయి. తలుపు దగ్గరగా వేసి, గుప్పెడు తీసి పాప తల మీద పోసింది. పాప నవ్వి, ఇంకా అంది. ఇంకో గుప్పెడు పోసింది.

నేను తలుపు సందులోంచి చూశాను. తలుపు తెరిచి హాల్లోకి రమ్మందామా అనుకున్నాను. వచ్చే భోగికి అమ్మని పీట పక్కన నిలబెట్టాలి, ఆ మాట మా అత్తగారితో ముందుగానే చెప్పాలి. చెప్పేటప్పుడు పద్దుల పుస్తకం వెంట తీసుకెళ్దామని ఉంది. ఆవిడకి కూడా ఒక మేనత్త ఉండేదట, అమలాపురంలో, బూరెలు బాగా వండేదట.